పై గాలి, కింది గాలి

మెట్రొక్లిస్ అనే గ్రీకు యువకుడు చచ్చిపోదామనుకున్నాడు. క్రీ.పూ. 4వ శతాబ్దం సంగతి. బాగా చదువుకుంటున్నవాడు, అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ దగ్గర తత్త్వశాస్త్రం నేర్చుకుంటున్నవాడు. ఒకరోజు ప్రసంగం సాధన చేస్తూ చేస్తూ, మధ్యలో పిత్తాడు. అంతే. ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. అన్నం మానేసి అలాగే ప్రాణం వదిలేద్దామనుకున్నాడు.

ఈ కబురు క్రేటిస్‌కి తెలిసింది. ఆస్తంతా వదులుకుని వీధుల్లో బతికే సినిక్ తత్త్వవేత్త ఆయన. మెట్రొక్లిస్ ఇంటికి బయల్దేరేముందు పనిగట్టుకుని లూపిన్ గింజలు తిన్నాడు. మన చిక్కుళ్ళూ శనగల కుటుంబంలోవే అవి. వెళ్ళి పక్కన కూర్చుని ముందు మాటల్తో నచ్చజెప్పాడు. నువ్వు చేసిన తప్పేమీ లేదు, లోపలి గాలి దాని దారిన అది బయటికి పోకపోతేనే వింత అన్నాడు. ఆ తర్వాత తనూ ఒకటి వదిలాడు. మెట్రొక్లిస్ తేరుకున్నాడు, క్రేటిస్ శిష్యుడయ్యాడు. ఐదారు వందల ఏళ్ళ తర్వాత, తత్త్వవేత్తల జీవితాలు రాసిన డయోజనీస్ లాయర్షియస్ ఈ కథని తన పుస్తకంలో భద్రంగా పెట్టాడు.

నవ్వొస్తుంది, రావాలి కూడా. కానీ నవ్వు ఆగాక ఒక ప్రశ్న మిగులుతుంది. మెట్రొక్లిస్ ఎవరికీ హాని చెయ్యలేదు. అబద్ధం ఆడలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. అయినా ఒక దొంగకీ హంతకుడికీ కూడా కలగనంత సిగ్గు అతనికి కలిగింది. తప్పు లేనిచోట ఇంత సిగ్గు ఎలా పుడుతుంది? పుట్టిన ఆ సిగ్గుకి ఎవరు పూచీ?

ఇది రాయడం మొదలుపెట్టగానే మాట దగ్గరే చిక్కొచ్చింది. తెలుగులో దీనికి మనం వాడే మాటలు మూడు. పిత్తు అనేది తిట్టుకీ జోకుకీ. గ్యాస్ అనేది డాక్టరుకీ మందుల షాపుకీ. అపానవాయువు అనేది పుస్తకానికీ ప్రవచనానికీ. ఉన్నదాన్ని ఉన్నట్టు, తిట్టకుండా, నవ్వకుండా, పట్టుబట్టలు కట్టకుండా చెప్పే నాలుగో మాట లేదు. మాట లేనిచోట ఆలోచన కూడా కాస్త కుంటుతుంది. అందుకని ఈ వ్యాసంలో మూడూ వాడతాను, ఓర్చుకోండి.

ముందు ఆ గాలి ఎక్కడిదో చూద్దాం. కొంత మనం మింగిందే. తింటూ, తాగుతూ, మాట్లాడుతూ గాలి మింగుతుంటాం. అందులో నైట్రోజన్, ఆక్సిజన్ ఉంటాయి. మిగతాది మన పెద్దపేగులో కాపురముంటున్న బాక్టీరియా తయారు చేసేది. పప్పుల్లో, శనగల్లో, చిక్కుళ్ళలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అంటే కందిపప్పులో కొంత భాగం మనం తిన్నా మనకి అరగదు. అది అలాగే పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. ఆ పులియబెట్టడంలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. దోసెల పిండి రాత్రికి పొంగినట్టే ఇదీను. పిండి పొంగితే సంతోషిస్తాం.

ఇదే పనిలో ఆ బాక్టీరియా బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని కూడా తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి కణాలకి ముఖ్యమైన ఆహారం అదే. అంటే మనకి అరగనిదాన్ని అవి తిని, మన పేగుకి తిండి పెట్టి, ఆ వంటింటి పొగని మాత్రం మనకి వదిలేస్తున్నాయి. పొగ లేకుండా వంట కావాలంటే కుదరదు.

ఎంత పొగ? 1991లో ఇంగ్లండులో ముగ్గురు పరిశోధకులు పదిమంది ఆరోగ్యవంతుల దగ్గర 24 గంటలపాటు ఈ గాలిని సేకరించి కొలిచారు. మామూలు భోజనానికి తోడు 200 గ్రాముల ఉడికించిన బీన్స్ తినిపించారు. రోజుకి 476 మిల్లీలీటర్ల నుంచి 1,491 మిల్లీలీటర్ల దాకా వచ్చింది. మధ్యస్థంగా 705. ఒక అరలీటరు నీళ్ళ సీసా కంటే కొంచెం ఎక్కువ. ఆ పదిమందిలో ఆడవాళ్ళున్నారు, మగవాళ్ళున్నారు. పరిమాణంలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇంకో రెండు సంగతులు. ఈ గాలిలో 99 శాతం పైగా ఏ వాసనా లేనిదే. ముక్కు మూసుకునేలా చేసేది మిగిలిన ఆ ఒక్క శాతం లోపు, గంధకం కలిసిన వాయువులు. వాటిలో పెద్దది హైడ్రోజన్ సల్ఫైడ్. రెండోది నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది. పేగులో పుట్టిన హైడ్రోజన్ అంతా కిందికే పోదు. కొంత రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల దాకా వెళ్ళి, మనం వదిలే ఊపిరిలో బయటికొస్తుంది. పాలు పడనివాళ్ళని గుర్తించడానికి ఆసుపత్రుల్లో చేసే బ్రెత్ టెస్ట్ కిటుకు ఇదే. రోగి నోటితో ఊదితే పేగులో ఏం జరుగుతోందో తెలుస్తుంది. అంటే నలుగురిలో కూర్చుని కవిత్వం గురించి మాట్లాడుతున్నప్పుడు కూడా మన పేగు గాలిలో కొంత మన ముఖంలోంచే బయటికి పోతోంది. దానికి మనం సిగ్గుపడం. అదే వాయువు, అదే శరీరం. దారి మాత్రం వేరు.

దారి వేరైనంత మాత్రాన అంత తేడా ఎందుకు? వాసనా చప్పుడూ కారణమని వెంటనే అనొచ్చు. కానీ 1892లో ప్యారిస్‌లోని మూలాన్ రూజ్ వేదిక మీద జోసెఫ్ పుజోల్ అనే మర్సేయి బేకరీ కార్మికుడు ఇదే చప్పుడుతో ప్రదర్శనలిచ్చాడు. అతని రంగస్థల నామం లె పెతొమాన్. బయటి గాలిని వెనక దారిన లోపలికి పీల్చుకుని, కావలసినట్టు రాగాలుగా వదిలేవాడు. జనం టిక్కెట్లు కొని వచ్చి పడీ పడీ నవ్వారు. చప్పుడు అదే, దారి అదే. అతను మాత్రం సిగ్గుపడలేదు, పేరు తెచ్చుకున్నాడు. ఎందుకంటే అది అతని అదుపులో ఉంది.

ఈ అదుపు సంగతిని అంతకు పదిహేను వందల ఏళ్ళ ముందే పట్టుకున్నవాడు సెయింట్ అగస్టీన్. 'సిటీ ఆఫ్ గాడ్' పద్నాలుగో భాగంలో, మనిషి శరీరం అతని ఇష్టానికి ఎందుకు లొంగదు అని ఆయన తర్కిస్తాడు. చెవులు కదిలించగలిగేవాళ్ళు, తలచుకుంటే చెమట పట్టించుకోగలిగేవాళ్ళు ఉన్నారని చెబుతూ, ఏ కంపూ లేకుండా వెనకనుంచి పాట పాడినట్టు శబ్దాలు చేసే మనుషుల్ని కూడా ఉదాహరణగా ఇస్తాడు. దీన్నిబట్టి ఆయన చెప్పేదేమిటంటే, ఆది మానవుడి శరీరం మొదట పూర్తిగా మనసు మాట వినేదే. మనిషి దేవుడి మాట మీరాడు కనక, శిక్షగా మనిషి శరీరం మనిషి మాట మీరుతోంది. ఆయన అసలు దిగులు కామం గురించి. కానీ సిగ్గుకి ఆయన చెప్పిన కారణం ఇక్కడా సరిపోతుంది. శరీరం మన మాట వినలేదని పదిమందికీ తెలిసిపోయిన క్షణంలో పుట్టేదే సిగ్గు.

పాపం, శిక్ష అనే మాటల్ని పక్కన పెట్టినా ఆయన పరిశీలన నిలబడుతుంది. శరీర నిర్మాణం కూడా దానికి సాక్ష్యం చెబుతుంది. మలద్వారం దగ్గర రెండు కండరపు వలయాలున్నాయి. లోపలిది మన మాట వినదు, దాని పని అది చేసుకుపోతుంది. బయటిది వింటుంది. పైనుంచి ఏదైనా దిగినప్పుడు లోపలి వలయం కాసేపు సడలుతుంది. అక్కడి సున్నితమైన చర్మం వచ్చింది గాలా, నీరా, గట్టి పదార్థమా అని రుచి చూసినట్టు పసిగడుతుంది. ఇది రోజంతా మనకి తెలియకుండానే జరుగుతుంటుంది. ఆ తర్వాతే బయటి వలయం దగ్గరికి మన నిర్ణయం వస్తుంది. అంటే మన ఇచ్ఛకి దక్కింది చివరి గేటు మాత్రమే. పండించింది, వండింది, పంపింది మనం కాదు. ఆ గేటు దగ్గర కాపలాదారు ఒక్క క్షణం కునుకు తీశాడని మెట్రొక్లిస్ చచ్చిపోదామనుకున్నాడు.

"అయితే ఏమంటారు, లిఫ్టులో, ఏసీ బస్సులో ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు వదిలేయొచ్చా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వదిలేయకూడదు. వీలైనంతవరకు ఆపుకోవాలి, లేచి పక్కకి వెళ్ళాలి. కానీ అలా చెయ్యడానికి కారణం మర్యాద, సిగ్గు కాదు. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటాం కనక చిక్కొస్తోంది.

మర్యాద పక్కవాడి గురించి ఆలోచిస్తుంది. వాడి ముక్కుకి ఇబ్బంది అవుతుందేమో చూస్తుంది. సిగ్గు నా గురించి ఆలోచిస్తుంది. నేనేమైపోయానో, నన్నేమనుకుంటారో అంటుంది. రెండూ కలిసే తిరుగుతాయి కనక విడదీసి చూడ్డం కష్టం. ఒక చిన్న పరీక్ష ఉంది. ఎవరూ లేని గదిలో మర్యాదకి పనిలేదు. అక్కడ కూడా ముడుచుకుపోయే మనుషులున్నారు. ఆ ముడుచుకుపోవడం సిగ్గు. ఇంకో పరీక్ష. పిత్తింది మనం కాదు, పక్కవాళ్ళు అనుకోండి. అప్పుడు మన సిగ్గుకి పనిలేదు. మర్యాదకి మాత్రం అప్పుడే అసలు పని మొదలవుతుంది. విననట్టు ఊరుకోవడం, మాట మార్చడం, కళ్ళు కళ్ళు చూసుకుని నవ్వుకోకుండా ఉండటం. మర్యాద గురించి పిల్లలకి చెప్పేటప్పుడు మనం మొదటి సగమే చెబుతాం. ఆపుకో అంటాం. విన్నవాడివి నువ్వైతే ఎలా ఉండాలో చెప్పం.

ఈ సగం పాఠం వల్ల భారం అందరిమీదా సమానంగా పడితే ఇంత రాయక్కర్లేదు. పడదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నారు కదా. ఇదీ అంతే. ఇంటి పెద్దాయన హాల్లో కూర్చుని గట్టిగా వదిలితే, "అరుగుదల బాగున్నట్టుంది" అని నవ్వుకుని ఊరుకుంటారు. అదే హాల్లో కొత్త కోడలికి ఆ పని జరిగితే, అది ఆ ఇంట్లో ఇరవయ్యేళ్ళు చెప్పుకునే కథ. హాస్టల్ గదిలో అబ్బాయిలు పోటీలు పెట్టుకుంటారు, అమ్మాయికి మాత్రం కడుపే లేనట్టు నటించాల్సిన అవసరం ఉంది. గుర్తుపెట్టుకోమన్న వాక్యం ఇప్పుడు చూడండి. పరిమాణంలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. గాలిని ప్రకృతి ఇద్దరికీ పంచింది. సిగ్గుని మాత్రం మనం ఒకవైపుకే ఎక్కువ వడ్డించాం.

ఆపుకోమని చెప్పడం తేలికే, ఆపుకోలేనివాళ్ళ సంగతేమిటి? కాన్పులో ఆ కండరపు వలయం చిరిగిన తల్లులకి గాలిని ఆపుకోలేకపోవడం వైద్యులకి బాగా తెలిసిన సమస్య. వయసు మీదపడ్డవాళ్ళకి కండరం పట్టు సడలుతుంది. పేగు ఆపరేషన్ అయి పొట్టమీద స్టోమా సంచీతో బతికేవాళ్ళకి అక్కడ అసలు కండరపు వలయమే ఉండదు. కాపలాదారు లేని గేటు అది. ఆఫీసు మీటింగులో, పెళ్ళిభోజనంలో, గుళ్ళో క్యూలో గాలి ఎప్పుడు చప్పుడు చేస్తుందో వాళ్ళ చేతిలో లేదు. అందుకని మీటింగులకీ పెళ్ళిళ్ళకీ వెళ్ళడం మానేసేవాళ్ళున్నారు. మెట్రొక్లిస్‌లా తలుపేసుకున్నవాళ్ళు. క్రేటిస్ మాత్రం అందరి ఇళ్ళకీ రాడు.

డాక్టరు దగ్గర కూడా సిగ్గు నోరు నొక్కుతుంది. వారాల తరబడి వదలని పొట్ట ఉబ్బరం చాలామందిలో ప్రమాదమేమీ కాకపోవచ్చు. కానీ ఆడవాళ్ళలో అండాశయ క్యాన్సర్ లక్షణాల్లో అదొకటి. "గ్యాసేలే" అని వాము నమిలి ఊరుకోవడానికీ, పరీక్ష చేయించుకోవడానికీ మధ్య కొన్నిసార్లు ఒక్క మాట అడ్డంగా నిలబడుతుంది. నోట్లోంచి రాని మాట. రోమన్ చక్రవర్తి క్లాడియస్ గురించి సూటోనియస్ రాసిన ఒక సంగతుంది. విందులో బిడియంతో ఆపుకుని ఒకడు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని విని, బల్ల దగ్గర గాలి వదలడాన్ని అనుమతిస్తూ శాసనం తెద్దామని ఆ చక్రవర్తి ఆలోచించాడట. ఆపుకుంటే ప్రాణం పోతుందని ఇవాళ్టి వైద్యం అనదు. ఉబ్బరం, నొప్పి వస్తాయి, కాసేపటికి ఎలాగూ పోతుంది. కానీ బిడియంతో ప్రాణం మీదికి తెచ్చుకోవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ నిజమే.

ఈ సిగ్గు ఎంత పలచటి పొరో తెలియాలంటే సర్జికల్ వార్డుకి వెళ్ళాలి. కడుపు ఆపరేషన్ అయినప్పుడు పేగుల కదలిక కొంతకాలం ఆగిపోతుంది. మళ్ళీ మొదలైందనడానికి గుర్తు గాలి పోవడమే. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు అందరి ముందూ గట్టిగానే అడుగుతాడు. "గ్యాస్ పోయిందా అమ్మా?" మంచం చుట్టూ ఉన్న కొడుకు, కోడలు, అల్లుడు, పక్కమంచం వాళ్ళ బంధువులతో సహా జవాబు కోసం ఎదురుచూస్తారు. పోయిందని తెలిస్తే "అమ్మయ్య" అంటారు. ఎవరూ నవ్వరు. ఊళ్ళో ఉన్న చుట్టాలకి ఫోన్ చేసి మరీ చెబుతారు. అదే మనిషి, అదే గాలి, అదే చప్పుడు. మారింది విన్నవాళ్ళ మనసు. అంటే సిగ్గు గాలిలో లేదు, పిత్తినవాడిలో కూడా లేదు. అది వినేవాళ్ళు పెట్టేది. పెట్టగలిగినవాళ్ళు తీసేయగలరు కూడా.

వెయ్యిన్నొక్క రాత్రుల కథలకి రిచర్డ్ బర్టన్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో అబూ హసన్ కథ ఒకటుంది. యెమెన్‌లో గొప్ప వర్తకుడు. తన పెళ్ళిరోజున, వధువు గదిలోకి నడవాల్సిన సమయంలో అందరిముందూ అతనికి పెద్ద శబ్దంతో గాలి పోతుంది. ఆ సిగ్గుతో గుర్రమెక్కి, ఓడెక్కి, మన మలబారు తీరానికి పారిపోతాడు. పదేళ్ళు అక్కడే ఉంటాడు. ఊరిమీద బెంగతో మారువేషంలో తిరిగొస్తాడు. ఊరి చివర గుడిసెల మధ్య తిరుగుతుంటే ఒక చిన్నపిల్ల తల్లిని అడుగుతుంటుంది, అమ్మా నేనెప్పుడు పుట్టాను అని. అబూ హసన్ పిత్తిన రాత్రే పుట్టావమ్మా అంటుంది తల్లి. అతను మళ్ళీ వెనుతిరుగుతాడు, ఇక రాడు. మామూలుగా ఈ కథని నవ్వుకోడానికి చెబుతారు. నాకు మాత్రం ఆ ఊరి జ్ఞాపకశక్తిని చూస్తే భయమేసింది. గాలి పోవడం ఒక్క క్షణం. దాన్ని పదేళ్ళు బతికించింది ఊరి నోరు.

నోటి దగ్గరికొచ్చాం కనక చరకుడి దగ్గరికి వెళ్దాం. చరక సంహిత సూత్రస్థానంలో ఏడో అధ్యాయం పేరే 'న వేగాన్ ధారణీయం', ఆపుకోకూడని వేగాల గురించి. పదమూడు లెక్కపెట్టాడు. మూత్రం, మలం, వీర్యం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దాహం, కన్నీళ్ళు, నిద్ర, శ్రమపడ్డాక వచ్చే రొప్పు. పిత్తు పక్కనే కన్నీళ్ళని కూర్చోబెట్టిన ఆ జాబితా నాకెంతో నచ్చింది. శరీరం అడిగేవన్నీ ఒకే వరుసలో, ఎక్కువ తక్కువల్లేకుండా.

ఇంతవరకు చాలామందికి తెలుసు. వాట్సప్‌లో కూడా తిరుగుతుంది. కానీ ఆ అధ్యాయం అక్కడ ఆగదు. ఆ వెంటనే ఆపుకోవలసిన వేగాల జాబితా కూడా ఉంది. మనసువి: లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, సిగ్గులేనితనం, ఈర్ష్య లాంటివి. మాటవి: పరుషమైన మాట, మితిమీరిన మాట, చాడీ, అబద్ధం, సమయం కాని మాట. చేతవి: పరులని పీడించే పనులు. సిగ్గులేనితనాన్ని కూడా అదుపులో పెట్టమన్నాడు చూడండి. సిగ్గు అక్కర్లేదని ఆయన అనలేదు. అది ఉండాల్సిన చోటు మార్చాడు. కింది గాలికి సిగ్గుపడనక్కర్లేదు, పై గాలికి పడాలి. నోటినుంచి వెలువడే పరుషవాక్కు కూడా ఒక వేగమే. అది కూడా లోపల పొంగుతుంది, బయటికి తోసుకొస్తుంది, వదిలితే హాయిగా ఉంటుంది. తేడా ఏమిటంటే ఆ గేటు పూర్తిగా మన చేతిలో ఉంది. దాన్ని పండించిందీ వండిందీ కూడా మనమే.

పరిషేచనం చేసే ఇళ్ళల్లో అన్నం తినేముందు ఐదు వాయువుల పేర్లు చెప్పి ఐదు ముద్దలు ఆహుతిగా మింగుతారు. మొదటిది ప్రాణానికి, రెండోది అపానానికి. తినేముందు పేరుపెట్టి పిలిచి ముద్ద పెట్టినవాడిని, తిన్నాక ఇంట్లోంచి వెళ్తుంటే ఛీ అంటామా?

రేపెప్పుడో ఒక నిశ్శబ్దమైన మీటింగు గదిలో, కొత్తగా చేరిన అమ్మాయి కుర్చీ దగ్గర్నుంచి ఒక చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆమె చేతిలో లేదు. ఆ వెంటనే గదిలో ఉన్న పదిమంది గొంతుల్లోకీ ఏదో ఒకటి ఎగదన్నుకొస్తుంది. ఒక నవ్వు, ఒక దగ్గు, పక్కవాడికి పెట్టాల్సిన ఒక మెసేజి. చరకుడు ఆపుకోమన్నది దాన్ని.